వెనక సీట్లో డ్రైవరు

బస్సు నడిపీ నడిపీ కిందటేడే రిటైరైన డ్రైవరు తన జన్మలో వెనక సీట్లో కూర్చుని ఎరగడు. ఎవరి కారైనా సరే, తాళంచెవి చేతికిస్తేనే ఎక్కేవాడు. లేదంటే, మీరు పదండి, నేను నడిచొస్తాననేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు జంట సైకిలు వెనక సీటు మీద కూర్చుని, ముందున్నాయన వీపు తప్ప మరో లోకం కనబడని స్థితిలో కొండలెక్కి దిగుతున్నాడంటే, దానికి కారణం కన్నకూతురు. కూతురి కోసం తండ్రి ఎంతకైనా దిగుతాడంటారు. ఈయన వెనక సీటు దాకా దిగాడు.

అమ్మాయి ఆసుపత్రిలో ఎక్స్-రేలు తీస్తుంది. "ఊపిరి బిగబట్టండి, కదలకండి" అని పొద్దస్తమానం జనానికి చెప్పే ఉద్యోగం. ఒకసారి నాన్న కళ్ళజోడు మీద కూర్చుని విరగ్గొట్టుకుంటే, బాగుచేయించడానికి కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళింది. కళ్ళజోడు ఆ సాయంత్రానికే బాగైంది. అమ్మాయి మాత్రం షాపుకు వెళుతూనే ఉంది. ఇంట్లో కళ్ళజోళ్ళన్నిటికీ వరసగా మరలు వదులైపోయే జబ్బు పట్టుకుంది. చివరికి తల్లి నిలదీస్తే, షాపాయన కొడుకు సంగతి బయటపడింది. కుర్రాడు అక్కడే అద్దాలు అరగదీస్తాడు. బుద్ధిమంతుడు, కాస్త మొండి. అమ్మాయికి నచ్చాడు, తల్లికి నచ్చాడు. డ్రైవరుకూ చూడగానే నచ్చాడు కానీ, అడగ్గానే సరేనంటే తండ్రి హోదాకు తక్కువని రెండు రోజులు ఆలోచిస్తున్నట్టు నటించాడు.

చిక్కల్లా కుర్రాడి తండ్రి దగ్గర వచ్చింది. కళ్ళజోళ్ళాయన ఔననలేదు, కాదనలేదు. భార్య పోయినప్పటి నుంచి కొడుకే లోకం. మెత్తటి మనిషి, మెత్తటి మాట.

"పిల్ల బంగారం. కానీ పిల్లతోపాటు పిల్ల ఇంటి పద్ధతి కూడా వస్తుంది కదండీ. మా ఆవిడా నేనూ ఏటా జంట సైకిలు మీద పాత ఊళ్ళన్నీ తిరిగేవాళ్ళం. ఆ సైకిలు అలాగే ఉంది. అమ్మాయి వాళ్ళ నాన్నగారు నాతో ఓ వారం వస్తే, తిరిగొచ్చాక నా మాట చెప్తాను" అన్నాడు.

కుర్రాడు చూస్తే, నాన్న మనస్ఫూర్తిగా ఔనంటేనే పెళ్ళి, లేదంటే లేదని భీష్మించుకు కూర్చున్నాడు. అంటే అమ్మాయి పెళ్ళి మొత్తం వెళ్ళి వెళ్ళి డ్రైవరు నోటి మీద ఆగింది. ఆగకూడని చోటే ఆగింది.

ఎందుకంటే ఆ నోటి సంగతి ఊరందరికీ తెలుసు. బస్సు హారను పాడైతే ఆయన లెక్కచేసేవాడు కాదు గానీ, గొంతు బొంగురుపోతే మాత్రం సెలవు పెట్టేవాడు. లారీవాళ్ళు, ఆటోవాళ్ళు, రోడ్డు మధ్య నిలబడి కబుర్లాడే పెద్దమనుషులు, ఆఖరికి ఎద్దులు కూడా ఆయన గొంతు వినబడితే పక్కకు జరిగేవి. మనసులో ఏమీ ఉండదు, అంతా నోట్లోనే ఉంటుంది.

"నాన్నా, ఈ వారం నోరు బిగబట్టు. కదిలించకు" అంది అమ్మాయి, అలవాటైన గొంతుతో.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. ఒరేయ్ అన్న మాట మీ నోట రాకూడదు" అని భార్య అందుకుంది.

"నేనెప్పుడన్నానే ఒరేయ్ అని?"

"నిన్న కూరగాయలబ్బాయిని అన్నారు. మొన్న వాళ్ళ నాన్నని అన్నారు."

అమ్మాయి నవ్వలేదు. నాన్న చెయ్యి పట్టుకుంది. "నాకు అతను కావాలి నాన్నా" అని ఒక్క ముక్క అంది. దాంతో డ్రైవరుకు వాదించడానికేమీ మిగల్లేదు. నీ మీద ఒట్టు తల్లీ, ఆ మాట రాదంటే రాదన్నాడు.

బయలుదేరే పొద్దున షాపు ముందు సైకిలు నిలబెట్టి ఉంది. బారెడు పొడవు, రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళు. ముందు హ్యాండిలుకే బ్రేకులు, గేర్లు, గంట అన్నీ. వెనక కూడా ఒక హ్యాండిలు ఉంది, పట్టుకోవడానికి. డ్రైవరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కదల్లేదు. ప్రాణం ఉసూరుమంది.

"ముందు మీరు కూర్చుంటారా బావగారూ?" అని అడిగాడు కళ్ళజోళ్ళాయన. ఇంకా వియ్యంకులు కాకపోయినా ఆ పిలుపు మాత్రం ఇద్దరూ ముందే ఖాయం చేసేసుకున్నారు.

డ్రైవరు కాళ్ళు వాటంతటవే ముందు సీటు వైపు కదిలాయి. వెనక నిలబడిన అమ్మాయి చిన్నగా దగ్గింది. కాళ్ళు ఆగాయి.

"ఎంతమాట! మీరుండగా నేను ముందా? మీరే కూర్చోవాలి."

"అది కాదండీ, మీరు నడపడంలో అనుభవం ఉన్నవారు..."

"సైకిలు మీది, దారి మీకు తెలిసింది. నేను వెనక హాయిగా కూర్చుంటా. నాకు వెనక సీటంటే మహా ఇష్టం."

ఈ చివరి మాట విని డ్రైవరు భార్య పైటచెంగు నోటికడ్డం పెట్టుకుంది. కళ్ళజోళ్ళాయన ముందు సీటు వంక ఒకసారి, వెనక సీటు వంక ఒకసారి చూశాడు. ఏదో చెప్పబోయి మింగేశాడు. అంత గౌరవంగా ఇచ్చినదాన్ని వద్దంటే ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని భయపడే రకం ఆయన. నెమ్మదిగా ముందు సీటెక్కి, హ్యాండిలును పాముని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. సైకిలు వీధంతా పాములాగే వెళ్ళింది. మలుపులో చెత్తడబ్బాను గుద్ది, దానికి "సారీ అండీ" అని చెప్పి మరీ ముందుకు సాగాడు.

ఊరు దాటగానే గోధుమ చేలు, గొర్రెల మందలు, పండ్ల తోటలు. దారి ఒక మిట్ట ఎక్కడం, ఒక పల్లంలోకి దిగడం. చూసేవాళ్ళకు కన్నులపండువే గానీ, డ్రైవరుకు కనబడింది కళ్ళజోళ్ళాయన చొక్కా కాలరు వెనక బయటికొచ్చి ఊగుతున్న చీటీ ఒక్కటే. దాన్ని లోపలికి దోపాలని వేళ్ళు జిలపెట్టాయి. కాబోయే వియ్యంకుడి మెడ మీద చెయ్యి వేస్తే ఏం మర్యాద అని ఊరుకున్నాడు.

అసలు బాధ మొదటి పల్లంలో మొదలైంది. బస్సులో కుడికాలు పనేమిటి? భయం వేస్తే బ్రేకు తొక్కడం. ఇన్నేళ్ళూ ఆ కాలికి నేర్పిన చదువు అదొక్కటే. సైకిలు వాలు దిగుతూ వేగం అందుకోగానే ఆ కాలు తన చదువు ప్రదర్శించింది. దబాలున కిందికి తొక్కింది. జంట సైకిలుకేమో పెడళ్ళన్నీ ఒకటిగానే తిరుగుతాయి. వెనక తొక్కితే ముందాయన కాళ్ళూ తిరగాల్సిందే, సైకిలు దూకాల్సిందే. దూకింది.

"మీకు వేగమంటే సరదా అనుకుంటాను బావగారూ!" అని ముందు నుంచి కేక వినబడింది.

సరదా నీ మొహం అని నాలుక చివరి దాకా వచ్చింది. అమ్మాయి ముఖం కళ్ళ ముందు మెదిలింది. "అవునండీ! భలే సరదా!" అన్నాడు డ్రైవరు పళ్ళ బిగువున.

పాపం, కళ్ళజోళ్ళాయన అతిథి సరదా ఎందుకు కాదనాలని బ్రేకు మీద వేళ్ళు తీసేశాడు. వేగం పెరిగింది. వేగం పెరిగేసరికి వెనకాయన మరింత గట్టిగా బ్రేకు తొక్కాడు, అంటే పెడలు తొక్కాడు. ఇంకాస్త కావాలి కాబోలని ముందాయన మోచేతులు కూడా ముడుచుకుని వంగాడు. ఇలా ఒకరి మర్యాద ఒకరిని తరుముతుండగా, ఇద్దరు పెద్దమనుషులు ఆ వాలంతా తారాజువ్వల్లా దిగారు. గొర్రెలు రెండుగా చీలి దారిచ్చాయి. అడుగున ఆగాక ఇద్దరి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు.

"బాగుంది కదండీ?" అన్నాడు ముందాయన వణుకుతూ.

"చాలా బాగుందండీ" అన్నాడు వెనకాయన, ఇంకా గట్టిగా వణుకుతూ.

ఇక కూడళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. కళ్ళజోళ్ళ షాపులో ఏళ్ళ తరబడి జనం కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా, ఇది బాగుందా అని అడిగి అడిగి ఆయనకు సొంతంగా ఏదీ తేల్చే అలవాటు పోయింది. దారి చీలిన ప్రతిచోటా సైకిలాపి వెనక్కి తిరిగేవాడు.

"ఇటు బాగుంటుందా? అటు బాగుంటుందా?"

"మీకెలా తోస్తే అలాగేనండీ."

పాత కోట ఎడమవైపని బోర్డు మీద రాసే ఉంది. డ్రైవరు చదివాడు కూడా. అయినా ఆయన కుడివైపు తిప్పుతుంటే కాదనడానికి నోరు రాలేదు. నోరు రాకపోవడమన్నది ఆ మనిషికి జీవితంలో మొదటిసారి. కోట చూడాల్సినవాళ్ళు మిట్టమధ్యాహ్నం కంకర క్వారీ గేటు ముందు తేలారు. గేటు దగ్గరి కుక్క ఇద్దరినీ చాలాసేపు తిట్టింది. తన పని ఆ కుక్క చేస్తున్నందుకు డ్రైవరుకు అసూయ వేసింది.

"కోటదీ రాయే, ఇదీ రాయే కదండీ" అన్నాడు పెద్దమనసుతో.

"అవునవును" అన్నాడు కళ్ళజోళ్ళాయన. మొహం మాత్రం కొంచెం వాడింది.

బస గదుల్లో మరో భాగోతం. స్నానానికి ముందు మీరంటే ముందు మీరని తలుపు దగ్గర నిలబడి నిలబడి, తీరా ఒకాయన వెళ్ళేసరికి వేడినీళ్ళు అయిపోయేవి. కిటికీ తెరవాలని ఒకాయనకు, మూయాలని ఇంకొకాయనకు. ఇద్దరూ ఎదుటివారి ఇష్టమేమోనని ఓరగా వదిలేసి, గాలి అందక ఒకరు, చలికి ఒకరు పడుకునేవారు. పొద్దున బల్ల మీద రొట్టె, ఉడికించిన గుడ్లు పెడితే, చివరి గుడ్డు ఎవరూ ముట్టుకునేవారు కాదు. బస నడిపే ఆవిడ అది తీసుకెళ్ళి పిల్లికి పెట్టింది.

రోజూ సాయంత్రం అమ్మాయి ఫోను చేసేది.

"నాన్నా, ఏమీ అనలేదు కదా?"

"ఏమీ అనలేదమ్మా. కడుపు ఉబ్బిపోతోంది."

"ఏం తిన్నావు?"

"తిన్నదాంతో కాదే. అననిదాంతో."

"ఇంకొక్క నాలుగు రోజులు నాన్నా. ఆయన మొహం ఎలా ఉంది? సంతోషంగా ఉన్నారా?"

అదే డ్రైవరుకు అంతుబట్టలేదు. తను ఎంత మెత్తబడితే ఆయన మొహం అంత దిగులు పడుతోంది. ఎక్కడో తప్పు చేస్తున్నానని భయపడి, మరింత మర్యాద కలిపాడు. మాటకు ముందొక అండీ, వెనకొక అండీ. ఆఖరికి దారిన పోయే బాతుల్ని కూడా జరగండి అన్నాడు.

ఆ మర్నాడు ఒక పాత ఊరు చేరారు. ఊరి చుట్టూ మట్టి రంగు ఇటుక గోడ, మధ్యలో గడియారపు గోపురం, ఒకప్పుడు ఉన్ని వర్తకులు కట్టుకున్న పెద్ద పెద్ద ఇళ్ళు. ఇద్దరూ కోటగోడ మీద బెంచీ చూసుకుని రొట్టె ముక్కలు తింటున్నారు. కింద ఒక ఇంటి పెరట్లో ఎవరో ఆవిడ మొగుణ్ణి దులిపేస్తోంది. కళ్ళజోళ్ళాయన అటే చెవి పెట్టి విన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"బావగారూ, మీ ఇంట్లో అందరూ ఇంతేనా? ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోరా?"

వచ్చింది పరీక్ష అనుకున్నాడు డ్రైవరు. ఛాతీ విరుచుకున్నాడు. "అబ్బే! మా ఇంట్లో గట్టిగా దగ్గడం కూడా ఉండదండీ."

"అమ్మాయి కూడానా?"

"దానికి నోట్లో నాలుకే లేదండీ. కాలు విరిగినా కిక్కురుమనదు. అలా పెంచాం."

కళ్ళజోళ్ళాయన చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది. "అలాగా" అన్నాడు. మిగతా రొట్టె పావురాలకు వేసేశాడు. మాట బాగా నాటుకుందని డ్రైవరు సంబరపడ్డాడు. సంబరం సాయంత్రానికి తగ్గిపోయింది. ఆయన భోజనం దగ్గర కూడా తల ఎత్తలేదు మరి.

తిరుగు ప్రయాణం దగ్గరపడే కొద్దీ ఆ దిగులు ముదిరింది. ముందు సీటు నుంచి ఇది బాగుందా అది బాగుందా కూడా ఆగిపోయింది. ఒకచోట నీళ్ళు తాగడానికి ఆగినప్పుడు కళ్ళజోళ్ళాయన చేతులు నలుపుకుంటూ, "బావగారూ, మీరు చాలా మంచివారు. రేపు ఇంటికెళ్ళాక నేను చెప్పే మాట మిమ్మల్ని బాధపెడితే..." అని ఆపేశాడు.

మంచివారు అంటూ మొదలుపెట్టిన మాట ఎటు పోతుందో తెలియని అమాయకుడు కాడు డ్రైవరు. ఇంత మింగుకుని, ఇంత వంగి, అమ్మాయికి ఏం మొహం పెట్టుకుని చెప్పాలి? నాకు అతను కావాలి నాన్నా అన్న మాటే చెవుల్లో తిరుగుతోంది. కోపం కూడా వచ్చింది. ఏం తక్కువ చేశానయ్యా నీకు అని అడగాలనిపించింది. అడగలేదు. ఒట్టు ఉంది. వెనక సీటెక్కాడు.

చివరి ఊరు లోయలో ఉంది. కొండ మీదున్న ఊరి ద్వారం దాటితే, నున్నటి రాళ్ళు పరిచిన ఇరుకు సందు, మేడల మధ్య నుంచి సూటిగా కిందికి. అడుగున చిన్న కూడలి, కూడలి మధ్య నీళ్ళ తొట్టి, దాని చుట్టూ పూలు అమ్మేవాళ్ళు. ద్వారం దాటాక గానీ వాలు సంగతి కళ్ళజోళ్ళాయనకు తెలియలేదు. డ్రైవరుకు ఆయన వీపు తప్ప ఏదీ కనబడదు కాబట్టి, పిరుదుల కింద రాళ్ళు టకటకలాడాక తెలిసింది. కుడికాలు తన చదువు మర్చిపోలేదు. తొక్కింది.

ముందాయనకు అలవాటైపోయింది. పాపం ఈయన సరదా ఈ ఒక్కరోజూ తీరుద్దామనుకున్నాడో ఏమో, బ్రేకు వదిలేశాడు. సైకిలు ఎగిరెగిరి పడుతోంది. ఒక ఇంటి గుమ్మంలో కుర్చీ వేసుకున్న ముసలాయన కాళ్ళు లోపలికి లాక్కున్నాడు. కిందనున్న పూలవాళ్ళు అంతకంతకూ పెద్దగా కనబడుతున్నారు. బ్రేకు పట్టుకోవాల్సిన కళ్ళజోళ్ళాయన వేళ్ళు కొయ్యబారిపోయి, హ్యాండిలుకు అతుక్కుపోయాయి. డ్రైవరు పక్కకు వంగి చూశాడు. తోపుడుబండి ఒకటి సందుకు అడ్డంగా వస్తోంది. దాని మీద పూలకుండీలు, పక్కన చంటిపిల్లను ఎత్తుకున్న ఆవిడ.

ఒట్టు, పెళ్ళి, మర్యాద, అన్నీ ఎటు పోయాయో పోయాయి.

"ఒరేయ్! ఒరేయ్ సోడాబుడ్డీ! బ్రేకెయ్యరా!"

ఆ గొంతుకు మేడల మీది పావురాలన్నీ లేచిపోయాయి. కళ్ళజోళ్ళాయన వేళ్ళు ఎవరో తాళం తిప్పినట్టు కదిలాయి. బ్రేకు పడింది.

"రెండూ పట్టుకోరా! కొంచెం కొంచెంగా! ఎడమకి, ఎడమకి తిప్పు! ఎడమంటే అదా? కళ్ళున్నాయా, షాపులో పెట్టొచ్చావా? తిప్పరా బాబూ! ఏయ్ బండీ, వెనక్కి లాగు! అమ్మా, పిల్లను పట్టుకుని పక్కకి పో! ఒరేయ్ ఒరేయ్, ఇంకొంచెం! అద్గదీ! ఇంట్లో చెప్పొచ్చావంట్రా?"

చెప్పింది చెప్పినట్టు చేశాడు ముందాయన. ఒక్క మాటకూ తడబడలేదు. ఎడమంటే ఎడమ, ఆపంటే ఆపు. సైకిలు బండిని వెంట్రుకవాసిలో తప్పించుకుని, కూడలిలోకొచ్చి, నీళ్ళ తొట్టి గోడను ముద్దుపెట్టుకున్నట్టు తాకి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక్క కుండీ మాత్రం పగిలింది.

డ్రైవరుకు తను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చి వినబడ్డాయి. ఒరేయ్. సోడాబుడ్డీ. అయిపోయింది. చేజేతులా నా తల్లి బతుకు బుగ్గిపాలు చేశాననుకున్నాడు. తొట్టి అంచు మీద కూలబడ్డాడు. కళ్ళజోళ్ళాయన అప్పటికే మెట్టు మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య తల దాచుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"బావగారూ, క్షమించండి. నోరు జారింది. నా నోరే దరిద్రపు నోరు. అమ్మాయి అలాంటిది కాదు, దాన్ని చూసి..."

ఆయన తల ఎత్తాడు. ఏడుస్తున్నాడు. నవ్వుతున్నాడు కూడా. ఏది ఎక్కువో చెప్పడం కష్టం.

"ఇంట్లో చెప్పి రావడానికి ఎవరున్నారండీ" అన్నాడు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. "ఉన్నన్నాళ్ళూ మా ఆవిడే ఆ మాట అడిగేది నన్ను. ఈ ముందు సీటు నాది కాదు బావగారూ. ఆవిడది. నేను ఎప్పుడూ వెనకే. మీరు అంత మర్యాదగా ముందు కూర్చోమంటే కాదనలేకపోయాను. నాకు బ్రేకు పట్టుకోవడమే సరిగా రాదు."

డ్రైవరు తిరిగి ఆ ముందు సీటు వంక చూశాడు.

"దారి పొడుగునా తిట్టేది. తొక్కుతున్నావా, పడుకున్నావా అనేది. మీరిందాక అరిచినట్టే అరిచేది. ఆఖరి ఏడాది తిట్లు తగ్గిపోయాయి. నేను మురిసిపోయాను తెలుసాండీ? అమ్మయ్య, ఇన్నాళ్ళకు బాగా తొక్కడం నేర్చుకున్నానన్నమాట అని. తిట్టడానికి ఊపిరి చాలక ఊరుకుందని తర్వాత డాక్టరు చెబితే గానీ తెలియలేదు. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. నేనూ అడగలేదు."

పూలబండి ఆవిడ కుండీ పెంకులు ఏరుకుంటోంది. డ్రైవరు ఆయన పక్కనొచ్చి కూర్చున్నాడు. ఇందాక ఆయన మీద పెంచుకున్న కోపం తలుచుకుని సిగ్గేసింది.

"మీ ఇంట్లో దగ్గడం కూడా ఉండదన్నారు. కాలు విరిగినా అమ్మాయి కిక్కురుమనదన్నారు. నాకు ఒళ్ళు చల్లబడిపోయింది. ఏ బాధ వచ్చినా చెప్పని పిల్లని మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకుని, రేపు మావాడు కూడా నాలాగే... నా వల్ల కాదు బావగారూ. వద్దని చెప్పేద్దామనుకున్నాను."

"అయ్యో రామ! మా అమ్మాయా? నోట్లో నాలుక లేదా?" డ్రైవరు లేచి నిలబడ్డాడు. "అదంతా కోత బావగారూ, వట్టి కోత! కాలు విరిగితే కాదు, కాలికి చీమ కుడితే మూడు వీధులకు వినబడాలి. నా నోరు చూశారుగా? నా నోటికి అమ్మ దాని నోరు! ఉండండి, ఉండండి."

ఫోను తీశాడు. స్పీకరు పెట్టాడు. అటు అమ్మాయి ఎత్తగానే, "అమ్మా, ఆయన్ని ఒరేయ్ అన్నానే" అన్నాడు.

ఊపిరి బిగబట్టినంత సేపు ఏమీ వినబడలేదు. తర్వాత మొదలైంది.

"ఏం చేశావు నాన్నా? ఏమన్నావు? నిన్ను ఏం అడిగాను నేను? వారం రోజులు, ఒక్క వారం రోజులు నోరు కట్టుకోమన్నానా లేదా? అదేమన్నా బస్సా? ఆయనేమన్నా లారీవాడా? పెద్దాయన, భార్య పోయిన మనిషి, నీకు మనసెలా ఒప్పింది? ఇప్పుడే వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడు. పడ్డావా? ఆయనకేమైనా దెబ్బలు తగిలాయా? అది ముందు చెప్పవేం? అసలు నువ్వు..."

నీళ్ళ తొట్టి దగ్గర జనం చుట్టూ మూగారు. కళ్ళజోళ్ళాయన కళ్ళు మూసుకుని, చల్లగాలి తగిలినట్టు ఆ తిట్లు వింటున్నాడు. అమ్మాయి ఊపిరి తీసుకోవడానికి ఆగితే, "ఆపనివ్వకండి, ఇంకాసేపు" అని డ్రైవరు చెవిలో గుసగుసలాడాడు.

తర్వాత ఫోను తీసుకున్నాడు. "అమ్మాయ్, నేను. నాకేం దెబ్బలు తగల్లేదు. మావాడికి చెప్పు, నేను ఔనన్నానని. మనస్ఫూర్తిగా అన్నానని చెప్పు. ఇంకో మాట. మా ఇంట్లో నీకు ఏ కష్టం వచ్చినా, చిన్నదైనా పెద్దదైనా, ఇప్పుడు మీ నాన్నని అన్నట్టే నన్నూ అనాలి. అంటావా?"

అటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. డ్రైవరు మొహం తిప్పుకుని, నీళ్ళ తొట్టిలో చేతులు కడుక్కున్నాడు. శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్ళీ మళ్ళీ కడిగాడు.

ఊరు దాటడానికి అవతలివైపు ఎత్తు ఎక్కాలి. ఈసారి ఎవరూ ఎవర్నీ అడగలేదు. డ్రైవరు ముందు కూర్చున్నాడు, కళ్ళజోళ్ళాయన వెనక. హ్యాండిలు చేతికి రాగానే డ్రైవరు ఒంట్లోకి ప్రాణం వచ్చింది, నోట్లోకి కూడా వచ్చింది.

"తొక్కుతున్నావా బావా, పడుకున్నావా?"

"తొక్కుతున్నా, తొక్కుతున్నా!"

"ఏం తొక్కుతున్నావు, సైకిలు వెనక్కి పోతోంది! తిన్న రొట్టెంతా ఎటు పోయింది?"

వెనక నుంచి నవ్వు. అలా తిడుతూ, తిట్టించుకుంటూ సగం కొండ ఎక్కారు. ఇద్దరి చొక్కాలూ చెమటకు వీపులకు అంటుకుపోయాయి. మలుపు తిరిగాక ఎత్తు బాగా నిక్కింది. డ్రైవరుకు రొప్పు వచ్చింది. వారం రోజుల అలసట ఒక్కసారిగా ఎక్కి, నోరు మూసుకుని, తల వంచుకుని తొక్కసాగాడు. గొలుసు చప్పుడు తప్ప ఏమీ లేదు.

"బావగారూ?"

డ్రైవరుకు జవాబు చెప్పే ఊపిరి లేదు.

"బావగారూ, ఏమిటి, మాట్లాడటం లేదు?" వెనకనుంచి వచ్చిన ఆ గొంతు సన్నగా వణికింది. "బాగానే ఉన్నారా?"

డ్రైవరు ఉన్న కాస్త ఊపిరీ కూడగట్టుకున్నాడు.

"బాగానే ఉన్నానురా! నువ్వు తొక్కు ముందు! ఆ మోకాళ్ళేమిటి, గేటు తలుపుల్లా అటొకటి ఇటొకటి? గాలంతా వాటికే తగులుతోంది! దగ్గరికి పెట్టు! నీ కొడుకు పెళ్ళినాటికైనా మనం ఈ కొండ ఎక్కుతామా?"

ఎక్కినంత సేపూ తిడుతూనే ఉన్నాడు. రొప్పుకొకటి, మలుపుకొకటి, ఆగకుండా.